ఫ్యూయల్ పంపు మార్చే ముందు ఒక్క మాట: ఇంజన్‌కి తిండి పెట్టిన నూరేళ్ళ కథ

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. పంట గురించి కాదు, మందుల గురించి కాదు, బండి గురించి. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. మీలో కొందరికైనా ఐదారు వేలు మిగులుతాయి. నాకు మిగల్లేదు, అందుకే రాస్తున్నా.

నా దగ్గర ఒక పాత పెట్రోలు మినీ ట్రక్కు ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. టమాటా కోతలప్పుడు మదనపల్లె మార్కెట్టుకి అదే ఆధారం. పోయిన ఎండాకాలం దానికి ఒక జబ్బు పట్టుకుంది. ఖాళీగా పోతే గుర్రం మాదిరి పోతుంది. బాక్సులు ఎత్తి మిట్ట ఎక్కించేసరికి గుంజుకుంటా, ఎగశ్వాస పీల్చుకుంటా నిలబడిపోతుంది. పది నిమిషాలు ఆపితే మళ్ళీ కదులుతుంది. మెకానిక్ దగ్గరికి తోలితే ప్రెజరు గేజీ పెట్టి చూసి, "ప్రెజరు తక్కువ వస్తోంది, ఫ్యూయల్ పంపు పోయింది" అన్నాడు. కొత్త పంపు, కూలీ కలిపి ఆరు వేల పైన అయింది. మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు తెల్లవారుజామున అదే మిట్ట మీద, లోడుతో, మళ్ళీ అదే కథ. నేను మండీకి చేరేసరికి పాట అయిపోయింది. మిగిలిన సరుకు ధర ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మా ఊర్లో బోరు మోటార్లు చుట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. వరసకి నాకు మామ అవుతాడు. బండి ఇంటి ముందర నిలబెట్టి నేను తల పట్టుకుని కూర్చుంటే ఆయన వచ్చి ఒకటే అడిగినాడు: "అల్లుడూ, నీ బోరు మోటారు నీళ్ళు తక్కువ పోస్తా ఉంటే ముందు మోటారు పైకి లాగుతావా, వోల్టేజీ చూస్తావా?"

వోల్టేజీ చూస్తా అన్నా.

"మరి దీనికెందుకు చూడలేదు? ఇదీ సబ్‌మెర్సిబులే కదరా" అన్నాడు.

ఆ మాట నా బుర్రలో దీపం వెలిగించింది. ఆ తర్వాత వానాకాలమంతా తీరిక దొరికినప్పుడల్లా ఈ పంపు ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ట్యాంకు లోపలికి ఎందుకు దూరింది అని చదువుకుంటా వచ్చినా. చదివేకొద్దీ ఒక విషయం తెలిసింది. ఇంజన్‌కి తిండి పెట్టడానికి నూరేళ్ళ పైగా మనుషులు పడిన ఒక్కో కష్టమూ ఈ రోజు మన బండిలో ఒక్కో రిపేరుగా మిగిలి ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ప్రెజరు ఎందుకు తగ్గిందో వెతకడం వచ్చేస్తుంది. అదే మీకు చెప్తా.

మొదట్లో పంపే లేదు. ట్యాంకు పైన, ఇంజన్ కింద. నీళ్ళు పల్లానికి పారినట్టే పెట్రోలు దానంతట అదే దిగేది. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908 నుంచి 1927 దాకా మోడల్ టి అనే కారు తయారుచేసినాడు, కోటిన్నర బండ్లు. అక్కడి రైతులు ఎగబడి కొన్న కారు అది. దాని ట్యాంకు ముందు సీటు కింద ఉండేది. ట్యాంకులో పెట్రోలు అడుగంటినప్పుడు నిటారు గుట్ట ఎక్కితే ఇంజన్ ట్యాంకు కంటే ఎత్తుకి పోయేది, పెట్రోలు దిగేది కాదు. అప్పుడు ఏం చేసేవాళ్ళో తెలుసా? బండి తిప్పి, రివర్స్‌లో గుట్ట ఎక్కేవాళ్ళు! వెనక్కి ఎక్కితే ట్యాంకు పైకి, ఇంజన్ కిందికి వస్తుంది కదా.

నవ్వుకోకండి. మనం చేసింది తక్కువా? కార్బురేటర్ మోటారుసైకిలుకీ ఇదే పద్ధతి. ట్యాంకు పైన, కాక్ కింద. రిజర్వు కూడా అయిపోతే బండిని పక్కకి పడుకోబెట్టి, లేపి, ఇంకో రెండు కిలోమీటర్లు తోలినవాళ్ళం మనమే. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే బండి ఆగిపోయేది. మూత తెరిస్తే "ఫుస్" మని గాలి పీల్చుకుని మళ్ళీ నడిచేది. బావుల మీద పెట్టుకున్న పాత ఆయిల్ ఇంజన్లూ అంతే, నెత్తి మీద డీజిల్ ట్యాంకు. కిర్లోస్కర్ వాళ్ళు ఆయిల్ ఇంజన్ల కంపెనీ పెట్టింది 1946లో. కరెంటు రాని ఊర్లలో ఎన్నో మళ్ళు పండింది ఆ డబడబ చప్పుడు మీదే.

ఇక్కడ మొదటి పాఠం పట్టుకోండి: ట్యాంకులో సరుకుందా? ట్యాంకులోకి గాలి పోతోందా? ఈ రెండు ప్రశ్నలూ నూరేళ్ళ నాటివి, ఈ రోజుకీ మొదట అడగాల్సినవి. డాష్‌బోర్డు ముల్లుని నమ్మొద్దు. ముల్లు అబద్ధం చెప్పిన బండ్లు ఎన్నో చూసినా.

తర్వాత కార్లు పెద్దవైనాయి. పెట్రోలు ట్యాంకుని సీటు కింద పెట్టుకుని కూర్చోవడం మంచిది కాదని వెనక్కి, కిందికి మార్చినారు. ఇప్పుడు పెట్రోలు ఎత్తుకి ఎక్కాలి. ఇంజన్ గాలి పీల్చుకునే ఊపుతోనే పెట్రోలు కూడా లాగించుకునే ఒక చిన్న తొట్టి కనిపెట్టినారు, వ్యాక్యూమ్ ట్యాంకు అంటారు. 1910ల నుంచి 1920ల దాకా చాలా కార్లకు అదే. బాగానే పనిచేసింది, కానీ ఒక లోపం. పొడుగాటి ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతాం కదా, అప్పుడు ఆ పీల్చే ఊపు పడిపోతుంది. ఇంజన్‌కి తిండి ఎక్కువ కావాల్సిన సమయంలోనే తొట్టి ఎండిపోయేది.

నా బండి జబ్బు కూడా సరిగ్గా ఇదే లక్షణం చూపించింది చూడండి. ఖాళీగా బాగుంటుంది, లోడు పడగానే చచ్చిపోతుంది. రెండో పాఠం ఇది: తిండి చాలడం లేదనేది తీరిగ్గా ఉన్నప్పుడు తెలీదు, కష్టపడేటప్పుడే తెలుస్తుంది. అందుకే ఇంటి ముందర ఐడిల్‌లో ప్రెజరు చూసి బాగుందంటే నమ్మొద్దు.

1920ల చివరికి ఇంజన్ కామ్ షాఫ్ట్‌తో ఆడే డయాఫ్రమ్ పంపు వచ్చింది. అమెరికాలో ఏసీ అనే కంపెనీ దాన్ని ఊరూరా చేర్చింది. మన పాత మెకానిక్కులు ఇప్పటికీ దాన్ని "ఏసీ పంపు" అంటారు. చల్లగాలి ఏసీ కాదు, ఆ కంపెనీ పేరు. లోపల ఒక రబ్బరు గుడ్డ, ఒక స్ప్రింగు, రెండు వాల్వులు, అంతే. దాని ప్రెజరు నాలుగైదు పౌండ్లు. కారు టైరులో గాలి ముప్పై పౌండ్లు పెడతామని గుర్తుంచుకుంటే అదెంత చిన్నదో తెలుస్తుంది. కార్బురేటర్‌కి అంతే చాలు.

దాదాపు అదే కాలంలో కరెంటు పంపు కూడా వచ్చింది. ఇంగ్లాండులో ఎస్.యు. అనే కంపెనీ ఉండేది. స్కిన్నర్స్ యూనియన్ అని దాని పూర్తి పేరు, చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం వాళ్ళు పెట్టినది. 1930ల నుంచి వాళ్ళ ఎలక్ట్రిక్ పంపు ఇంగ్లీషు కార్లలో బాగా వాడినారు. ఒక కాయిల్ డయాఫ్రమ్‌ని లాగుతుంది, లాగగానే పాయింట్లు విడిపోయి కరెంటు ఆగిపోతుంది, స్ప్రింగు దాన్ని మళ్ళీ నెడుతుంది. టిక్ టిక్ టిక్ అని చప్పుడు. తాళం తిప్పగానే ఆ చప్పుడు వేగంగా వచ్చి, కార్బురేటర్ నిండగానే ఆగిపోయేది. ఆగకుండా కొట్టుకుంటుంటే ఎక్కడో పెట్రోలు కారుతోందనో, గాలి పీలుస్తోందనో అర్థం. అసలు చప్పుడే రాకపోతే పాయింట్లు కాలిపోయినాయని అర్థం. అప్పటి డ్రైవర్లు దిగి స్పానర్‌తో పంపు మీద ఒక దెబ్బ వేస్తే మళ్ళీ టిక్ టిక్ మొదలయ్యేది.

మూడో పాఠం: కరెంటు పంపుకి రెండు తిండ్లు, ఒకటి పెట్రోలు, రెండోది కరెంటు. ఏది తక్కువైనా ప్రెజరు తక్కువే. ఆ కాలం డ్రైవరు పంపు చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. మనం చెవి వాడటం మానేసినాం.

ఇంక ఎండల సంగతి. పీల్చే పంపుకి ఒక పెద్ద శత్రువు ఉంది, ఆవిరి. పెట్రోలుని పీలిస్తే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే తక్కువ వేడికే మరుగుతుంది. ఇంజన్ వేడి, మే నెల ఎండ రెండూ తోడైతే గొట్టంలో పెట్రోలు బదులు ఆవిరి నిండుతుంది. పంపు ఆవిరిని నెట్టలేదు. ఘాట్ మీద అంబాసిడర్ కారు ఆగిపోయి, డ్రైవరు పంపు మీద తడిగుడ్డ చుట్టి, బీడీ కాల్చుకుంటా కూర్చోవడం మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. ఆ తడిగుడ్డకి కారణం ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకి ఇంకా ఘోరంగా ఉండేది. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి పెట్రోలు మరిగేది. అందుకని విమానాల్లో ట్యాంకు అడుగునే కరెంటు పంపులు పెట్టినారు. పీల్చడం మాని నెట్టడం మొదలుపెట్టినారు.

ఇక్కడే మన బోరు కథ కలుస్తుంది. పైన కూర్చుని పీల్చే మోనోబ్లాక్ మోటారు పాతిక అడుగుల లోతు దాటితే ఎందుకు చేతులెత్తేస్తుందో మీకు తెలుసు. పీల్చడానికి ఒక హద్దుంది, నెట్టడానికి లేదు. అందుకే మనం మోటారునే నీళ్ళలోకి దించినాం. ఈ సబ్‌మెర్సిబుల్ ఆలోచనకి పెద్ద పేరు తెచ్చినవాడు అర్మైస్ అరుటునోవ్ అనే ఆర్మేనియన్ ఇంజనీరు. 1893లో తిఫ్లిస్ నగరంలో పుట్టి, 1920ల్లో అమెరికా చేరి, ఓక్లహోమాలో చమురు బావుల్లోకి దించే కరెంటు పంపులు తయారుచేసినాడు. 1930 నాటికి ఆ కంపెనీ పేరు రెడా పంప్ కంపెనీ. మోటారు బావిలోనే ఉంటుంది, చుట్టూ పారే ద్రవమే దాన్ని చల్లబరుస్తుంది. మన బోరులోనూ అంతే. నీళ్ళు లేకుండా తిరిగితే మోటారు ఏమవుతుందో రైతుకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, కాలిన వైండింగు వాసన మనకు బాగా తెలుసు.

1967లో జర్మనీ వాళ్ళ వోక్స్‌వాగన్ 1600 కారుకి బాష్ కంపెనీ డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, పొగ మీద చట్టాలు గట్టిపడటం దీనికి పెద్ద కారణం. కార్బురేటర్ నాలుగైదు పౌండ్లతో సరిపెట్టుకుంటే దీనికి రెండు బార్లు, అంటే సుమారు ముప్పై పౌండ్లు కావాలి. అందుకు మోటారుతో తిరిగే గట్టి పంపు వచ్చింది. ఆ మోటారు పెట్రోలులోనే మునిగి తిరుగుతుంది. నిప్పు అంటుకోదా అని నాకూ భయమేసింది. మంటకి గాలి కావాలి. పెట్రోలు నిండిన గొట్టంలో గాలి ఉండదు కాబట్టి మండదు. ఆ పెట్రోలే మోటారుకి చల్లదనం, నూనె అన్నీ. తర్వాత్తర్వాత కార్లలో ఈ పంపుని ఏకంగా ట్యాంకులోకే దించేసినారు. మన బోరు మోటారు మాదిరే.

మన దేశంలో 2000 ప్రాంతం నుంచి కాలుష్యం నిబంధనలు బిగిసేకొద్దీ కార్లలో కార్బురేటర్లు పోయి ఇంజెక్షన్ వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రావడంతో మోటారుసైకిళ్ళకీ వచ్చేసింది. ఈ రోజు మీ ఇంట్లో కొత్త బైకు ఉంటే దాని ట్యాంకులో బొటనవేలంత లావు కరెంటు పంపు ఉంది. అది ఇచ్చే ప్రెజరు సుమారు మూడు బార్లు. ఒక బారు అంటే నీళ్ళని పది మీటర్లు ఎత్తే ఒత్తిడి. మూడు బార్లంటే ముప్పై మీటర్లు, వంద అడుగులు! వంద అడుగుల బోరులోంచి నీళ్ళు తెచ్చేంత ఒత్తిడి ఆ బుజ్జి పంపు ఇస్తోంది, పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద.

ఇప్పుడు అసలు కిటుకు. కార్బురేటర్ తొట్టి నిండిందా లేదా అని చూసుకునేది. ఇంజెక్షన్ బండి కంప్యూటరు మాత్రం చాలా బండ్లలో ప్రెజరు కొలవనే కొలవదు. మూడు బార్లు ఉందని నమ్ముతుంది. ఆ నమ్మకంతో ఇంజెక్టరుని ఇంతసేపు తెరువు అని లెక్కపెడుతుంది. మడవ ఇంతసేపు తెరిస్తే ఇన్ని నీళ్ళు పారతాయి అనుకుని మనం ఇంటికి పోతాం, కానీ కాలవలో నీళ్ళే సగం ఉంటే మడి ఎండుతుంది. ఇదీ అంతే. నిదానంగా పోయేటప్పుడు సైలెన్సరులోని సెన్సరు చూసి కొంత సర్దుకుంటుంది. లోడు మీద సర్దుకోలేదు. బండి గుంజుతుంది.

డీజిల్ దారి వేరు, కానీ చుట్టరికం ఉంది కాబట్టి నాలుగు మాటలు చెప్తా. 1897లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ని నడిపి చూపించినప్పుడు డీజిల్‌ని లోపలికి కొట్టడానికి పెద్ద గాలి కంప్రెసరు కావాల్సి వచ్చింది. అట్లాంటి ఇంజన్ బండికి ఎక్కదు. 1927లో బాష్ వాళ్ళ ఇంజెక్షన్ పంపు కర్మాగారం నుంచి వరసగా రావడం మొదలైనాక లారీలకి, ట్రాక్టర్లకి దారి తెరుచుకుంది. మన దగ్గర 1951లో బెంగుళూరులో మైకో కంపెనీ పెట్టినారు. మన ట్రాక్టరు మెకానిక్కుల నోట్లో "మైకో పంపు" అనే మాట అక్కడిది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ అని మారింది గానీ మన నోట్లో పేరు మారలేదు. డీజిల్ అయిపోయి ట్రాక్టరు ఆగితే చేతిపంపు కొట్టి, బోల్టు వదులు చేసి గాలి తీయడం మనకు అలవాటే. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ పైబడిన కొత్త ట్రాక్టర్లకి కొత్త పొగ నిబంధనలు వచ్చినాయి, వాటిలో కామన్ రైలు ఇంజన్లు వస్తున్నాయి. ఒక హెచ్చరిక: ఆ పైపుల్లో ప్రెజరు వెయ్యి బార్లు దాటుతుంది. ఇంజన్ నడుస్తుంటే పాత అలవాటు కొద్దీ ఆ బోల్టులు వదులు చేయొద్దు. ఆ ధార చర్మంలోకి సూదిలా దూరుతుంది, చెయ్యి పోతుంది. దాని జోలికి పోకండి.

సరే, మళ్ళీ పెట్రోలు పంపుకి వద్దాం. ప్రెజరు తక్కువ అని తేలినాక ఏ వరసలో వెతకాలి? ఇదంతా ఆ నూరేళ్ళ కథలోదే.

ముందు జాగ్రత్త. ఇది పెట్రోలు, ప్రెజరు మీద ఉంటుంది. పని ఆరుబయట చెయ్యండి. బీడీ, అగ్గిపెట్టె దగ్గరికి రానివ్వద్దు. పైపు విప్పే ముందు పంపు ఫ్యూజు పీకేసి ఇంజన్ స్టార్ట్ చేసి, దానంతట అది ఆగిపోయేదాకా నడపండి. తర్వాత కూడా పైపు మీద గుడ్డ చుట్టే విప్పండి. ట్యాంకు తెరవాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. గేజీ పెట్టడం, ట్యాంకు తెరవడం చేతకాకపోతే మెకానిక్‌తోనే చేయించండి, మీరు పక్కన నిలబడి ప్రశ్నలు అడగండి.

ఒకటి, చెవి. తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర రెండు సెకన్లు "జుయ్" మని చప్పుడు రావాలి. అసలు రాకపోతే పంపు మీద పడకండి, ముందు ఫ్యూజు, రిలే, ప్లగ్గు చూడండి. చప్పుడు ఈడ్చుకుంటా మూలిగినట్టు ఉంటే కరెంటు తక్కువ కావచ్చు, జల్లెడ మూసుకుని ఉండొచ్చు.

రెండు, కొలత. గేజీ పెట్టి ఐడిల్‌లో చూడండి, రేసు ఇచ్చి చూడండి, వీలైతే లోడు మీద చూడండి. ఎంత ఉండాలో మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్నదే లెక్క, పక్కింటి బండి లెక్క కాదు. ఇంజన్ ఆపినాక ముల్లు ఎంతసేపు నిలబడుతుందో కూడా చూడండి. ఆపగానే టక్కున పడిపోతే లోపల తిరుగు వాల్వు కారుతోందేమో. మన బావి మోటారుకి ఫుట్‌వాల్వు కారితే ప్రతిసారీ నీళ్ళు పోసి ఎత్తుకోవాలి చూడండి, అదే జబ్బు. పొద్దున్నే చాలాసేపు సెల్ఫు కొడితే గానీ బండి స్టార్ట్ కాకపోవడం దీని గుర్తు.

మూడు, వోల్టేజీ. నేను మోసపోయింది ఇక్కడే. ప్లగ్గు పీకి మీటరు పెడితే పన్నెండు వోల్టులు చూపిస్తుంది. బల్బు పెడితే వెలుగుతుంది. "కరెంటు ఉంది, పంపే పోయింది" అనేస్తారు. మన బోరు స్టార్టరులో మోటారు ఆన్ చెయ్యకముందు మీటరు 420 చూపించి, ఆన్ చెయ్యగానే 340కి పడిపోవడం మనం రోజూ చూసేదే కదా! లోడు లేనప్పటి వోల్టేజీ వోల్టేజీ కాదు. అందుకని పంపు తిరుగుతుండగా, దాని ప్లగ్గు దగ్గరే కొలవాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర పదమూడున్నర, పద్నాలుగు ఉంటే పంపు దగ్గరా దానికి కాస్త అటూఇటూ ఉండాలి. పదో, పదకొండో ఉంటే మధ్యలో ఎక్కడో తినేస్తున్నారు. తర్వాత మీటరు ఒక కొన పంపు ఎర్తు వైరుకి, ఇంకో కొన బ్యాటరీ నెగటివ్‌కి పెట్టండి. పంపు తిరుగుతుండగా అక్కడ అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్తు చెడిపోయినట్టే.

నాలుగు, జల్లెడ, ఫిల్టరు. పంపు కింద చిన్న జల్లెడ ఉంటుంది. తుప్పు, మట్టి, నీళ్ళు అక్కడ చేరతాయి. డబ్బాల్లో పెట్రోలు తెచ్చి పోసే మన అలవాటు వల్ల చెత్త ఎక్కువ చేరుతుంది. 2023 నుంచి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీళ్ళు మరీ ఎక్కువైతే విడిపోయి అడుగుకి చేరుతుంది. పంపు ఉండేది అడుగునే. నెలల తరబడి నిలబెట్టే బండ్లకు ఇది చూసుకోవాలి.

ఐదు, కారడం. ట్యాంకు లోపల పంపు నుంచి పైకి వచ్చే చిన్న గొట్టం చిట్లినా, రబ్బరు రింగు తెగినా, ప్రెజరు రెగ్యులేటరు తెరుచుకునే ఉండిపోయినా పంపు బాగా తిరుగుతుంది కానీ ప్రెజరు మళ్ళీ ట్యాంకులోకే పోతుంది. బోరు లోపల కేసింగులో పైపు చిట్లితే మోటారు తిరుగుతున్నా మడికి నీళ్ళు రావు చూడండి, అట్లా. బయటికి చుక్క కూడా కనపడదు.

ఈ ఐదూ చూసినాక కూడా ప్రెజరు రాకపోతే, అప్పుడు పంపు అరిగిపోయిందనండి. పంపులు అరగవని నేను అనడం లేదు, అరుగుతాయి. ఎప్పుడూ వంద రూపాయల పెట్రోలుతో, అడుగంటిన ట్యాంకుతో తోలే బండికి పంపు త్వరగా పోతుంది, చల్లబరిచే పెట్రోలు లేక. నీళ్ళు లేని బోరులో మోటారు మాదిరి. పంపు మార్చినప్పుడు జల్లెడ కూడా మార్చండి, ట్యాంకు కడగండి. లేకపోతే కొత్త పంపూ అదే దారి పడుతుంది.

ఇంతకీ నా బండికి ఏమైందో చెప్పలేదు కదా. మామ మీటరు పెట్టి, పంపు తిరుగుతుండగా చూసినాడు. పది వోల్టులు కూడా లేదు. ఎర్తు వైరుని వెతుక్కుంటా పోతే తొట్టి కింద ఛాసిస్‌కి బిగించిన బోల్టు దగ్గర ఆగినాడు. నేను ఆ బండిలోనే యూరియా మూటలు తోలతా. తడికి కరిగిన యూరియా, బురద కలిసి అక్కడ పచ్చగా, తెల్లగా పాచి పట్టి ఉంది, లోపల తుప్పు. ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త లగ్గు వేసి, గ్రీజు పూసి బిగించినాడు. అంతే. మెకానిక్ కొత్త పంపు వేసినప్పుడు వైర్లు కదిలి ఎర్తు కాస్త అంటుకుంది, మూడు రోజులు నడిచింది. మళ్ళీ వదిలేసింది. ఆ మెకానిక్‌ని నేను తిట్టను. గేజీ పెట్టి చూసినాడు, ప్రెజరు నిజంగానే తక్కువ ఉంది. జ్వరం ఉందని చెప్పినాడు, ఎందుకొచ్చిందో చూడలేదు. అడగాల్సింది నేను, అడగలేదు.

రోజూ బోరు దగ్గర వోల్టేజీ చూసే రైతుని. ఫుట్‌వాల్వు ఎప్పుడు కారుతుందో, పైపు ఎక్కడ చిట్లిందో చప్పుడుతో చెప్పేవాణ్ణి. అదే మోటారు, అదే పంపు ఇంకో రూపంలో ట్యాంకులో కూర్చుంటే, ఇది మనకు తెలీని విద్య అని చేతులు కట్టుకుని నిలబడినా. నా ఆరు వేలు పోయింది ఆ భయం వల్లే. మనకు తెలిసిందే చాలా ఉంది అన్నలారా, తెలుసని మనకే తెలీదు.

మెకానిక్ పీకేసి ఇచ్చిన పాత పంపుని మామ ఊరికే పోనివ్వలేదు. బకెట్టులో కాస్త పెట్రోలు పోసి ముంచి చూద్దామన్నా, "ఒద్దురా, ఇల్లు కాలుస్తావా" అని తిట్టి, తెలిసిన షాపులో సరిగ్గా గేజీ మీద పెట్టించినాడు. మూడు బార్లు, ముల్లు కదల్లేదు. అది ఇప్పుడు నా పనిముట్ల డబ్బాలో గుడ్డలో చుట్టి ఉంది. ఎప్పటికైనా పనికొస్తుంది. ఎవరైనా "పంపు పోయింది" అన్నప్పుడల్లా తీసి చూపిస్తున్నా.

మీ బండికి కూడా ఇట్లా ఏదైనా జరిగి ఉంటే కింద రాయండి. చివరికి ఏం దొరికిందో కూడా రాయండి, అదే అందరికీ పనికొచ్చేది. బండి ఉన్న నలుగురికి ఈ పోస్టు చేర్చండి. కోతల కాలం వస్తోంది, ఈ వారమే ఒకసారి తొట్టి కింద ఎర్తు బోల్టు చూసుకోండి. ఉంటా.